రెండేళ్ల అతిథులు, జీవితకాలపు కూలీలు

రాజధానిలోని సచివాలయ భవనాలలో అండమాన్ అన్న మాట రెండు సందర్భాలలో వినిపిస్తుంది. మొదటిది సెలవు ప్రయాణం. కేంద్ర ప్రభుత్వోద్యోగులు స్వగ్రామ ప్రయాణానికి బదులుగా అండమాన్‌కు విమానంలో వెళ్లి రావచ్చునని 2014 సెప్టెంబరులో ఒక సడలింపు ఇచ్చారు. గడువు తీరినప్పుడల్లా దానిని పొడిగిస్తూ వచ్చారు. శీతకాలం ప్రవేశించగానే సెక్షన్ ఆఫీసరు మొదలు ఫైళ్లు మోసే అటెండరు వరకు సకుటుంబంగా సెల్యులర్ జైలు ముందు నిలబడి తీయించుకొన్న ఛాయాచిత్రాలు చూపించనివారు అరుదు. రెండవ సందర్భం బదిలీ. ఆ ఉత్తర్వు చేతికందిన మనిషి ముఖం చూడవలసిందే. పది రోజుల విహారానికి స్వర్గంగా తోచిన దీవి రెండేళ్ల కాపురానికి మాత్రం మళ్లీ కాలాపానీ అవుతుంది.

నేను ఢిల్లీకి వచ్చిన కొత్తలో సివిల్ లైన్స్ ప్రాంతంలో నివసించే ఒక తెలుగు అధికారి ఇంటికి అప్పుడప్పుడు వెళ్లి వస్తుండేవాడిని. ఆయనను కార్ నికోబార్‌కు బదిలీ చేశారని తెలిసి వెళ్లేసరికి ఇల్లంతా బంధుమిత్రులతో నిండి ఉన్నది. ఎవరో పోయినట్లు అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఆయన సతీమణి మాత్రం పిల్లవాని చదువు సంగతే పదే పదే ప్రస్తావించారు. బదిలీ రద్దు చేయించుకొనే దారులను గురించి తలా ఒక సలహా చెప్పారు. ఏ ఆసుపత్రి ధ్రువపత్రం చెల్లుతుందో, ఏ పార్లమెంటు సభ్యుని లేఖకు విలువ ఉన్నదో ఆ గదిలో అందరికీ తెలుసు. అయినా ఆయన వెళ్లారు. రెండేళ్లకు తిరిగి వచ్చాక ఒకనాడు నాతో అన్న మాట ఇది: “మొదటి ఆరు నెలలు అక్కడి సంగతులు తెలుసుకోవడానికి సరిపోయాయండీ. చివరి ఆరు నెలలు తిరుగు బదిలీ కోసం ఢిల్లీకి ఉత్తరాలు రాసుకోవడానికి సరిపోయాయి. మధ్యన మిగిలిన ఏడాదిలో ఒక వర్షాకాలం పోయింది. ఇక పనిచేసింది ఎన్నాళ్లో మీరే లెక్క కట్టండి.”

ఆయన పరిహాసంగా అన్నారు గాని, మన దీవుల పరిపాలన అంతా ఆ లెక్కలోనే ఉన్నది.

అండమాన్ నికోబార్ దీవులకు, లక్షద్వీప్‌కు శాసనసభలు లేవు. లోక్‌సభలో ఒక్కొక్క సభ్యుడు ఉంటాడు. ఆ ఒక్కనిని కూడా ప్రజలు ఎన్నుకొనే అవకాశం 1967లో గాని రాలేదు. అంతకు ముందు రాష్ట్రపతి నామినేట్ చేసేవారు. తొలి లోక్‌సభలో అండమాన్ నికోబార్ తరఫున నామినేట్ అయి కూర్చున్నవారు కార్ నికోబార్‌కు చెందిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్. అదే సభలో విశాఖపట్నం నుంచి ఎన్నికై వచ్చినవాడు గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు అనుచరుడుగా పట్టుబడి అండమాన్‌కు ద్వీపాంతరవాస శిక్ష అనుభవించినవాడు. ఒకరికి జన్మభూమి, ఇంకొకరికి చెరసాల అయిన దీవులను గురించి వారిద్దరూ సెంట్రల్ హాలులో ఎప్పుడైనా మాట్లాడుకొన్నారో లేదో!

ఇక అధికారుల సంగతి. ఢిల్లీకి, అండమాన్ నికోబార్‌కు, లక్షద్వీప్‌కు, దాద్రా-నగర్ హవేలీ, దమన్-దీవ్‌లకు కలిపి ఒకే సివిల్ సర్వీసు ఉన్నది. పోలీసు సర్వీసు కూడా అదే విధంగా ఉన్నది. వీటిపైన ఐ.ఎ.ఎస్. అధికారులది అరుణాచల్, గోవా, మిజోరం, కేంద్రపాలిత ప్రాంతాలన్నిటికీ కలిపి ఒక ఉమ్మడి కేడర్. ఆ కేడర్ నిబంధనలలోనే దీవులను కష్టతర ప్రాంతాల జాబితాలో చేర్చారు. అనగా ఒకే మనిషి నేడు ఢిల్లీలో మహానగర వ్యవహారం చూసి, రేపు కామోర్తాలోనో కవరత్తిలోనో కొబ్బరి, చేపల వ్యవహారం చూడవలసి ఉంటుంది. కేడర్‌లో చేరేటప్పుడు అందరూ సరేనన్నవారే. చేరిన పిమ్మట అందరి దృష్టి ఢిల్లీ మీదనే. సుఖవంతమైన చోటిని, కష్టమైన చోటిని ఒకే గాటన కట్టివేస్తే కష్టమైన చోటికి మనుషులు దొరుకుతారని ఈ ఏర్పాటు చేసినవారు భావించి ఉంటారు. వాస్తవంలో దీవులు ఢిల్లీ ఉద్యోగానికి చెల్లించే సుంకమై కూర్చున్నాయి. సుంకం చెల్లించేవాడు ఎంత తక్కువలో పోతుందా అని చూస్తాడు గాని, ఎక్కువ కట్టడు గదా!

మనుషులను రప్పించడానికి ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. 1983 డిసెంబరు 14న ఆర్థిక మంత్రిత్వశాఖ ఒక ఉత్తర్వు వెలువరించింది. ఈశాన్య రాష్ట్రాలను ఉద్దేశించి జారీ అయిన ఆ ఉత్తర్వే ఈ విషయంలో నేటికీ మూలగ్రంథం. పదేళ్లు, అంతకు లోపు సర్వీసు గలవారికి మూడేళ్లు, పదేళ్లు మించినవారికి రెండేళ్లు కాలపరిమితి అని అందులో నిర్ణయించారు. మూలవేతనంలో 25 శాతం, నెలకు 400 రూపాయలు మించకుండా, ప్రత్యేక భత్యం ఇస్తామన్నారు. సంతృప్తికరంగా పనిచేసిన కాలాన్ని పదోన్నతికి, డిప్యుటేషన్‌కు, విదేశీ శిక్షణకు పరిగణనలోకి తీసుకొంటామన్నారు. 1988 డిసెంబరు 1 నాటి ఉత్తర్వు వచ్చేసరికి ఈశాన్య రాష్ట్రాల పక్కన అండమాన్ నికోబార్, లక్షద్వీప్‌ల పేర్లు శీర్షికలోకే ఎక్కాయి. దీవులకు వేరుగా ద్వీప ప్రత్యేక భత్యం అన్న పేరు కూడా స్థిరపడింది.

ఉత్తర్వు సదుద్దేశంతో వచ్చినదే. కాని అందులో ఒక ముడి ఉన్నది. భత్యం ఎవరికి? కష్టమైన చోట పనిచేసేవారికా, కష్టమైన చోటికి బయటినుంచి వచ్చేవారికా? ఈశాన్య రాష్ట్రాలలో స్థానికులైన ఉద్యోగులు తమకు కూడా ఇవ్వవలసిందని కోర్టుకెక్కారు. 1994 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, ఈ భత్యం బయటి ప్రాంతాలనుంచి సమర్థులను ఆకర్షించడానికి ఉద్దేశించినదే గనుక అక్కడే నివసించేవారికి వర్తించదని తీర్పు చెప్పింది. న్యాయశాస్త్ర రీత్యా ఆ తీర్పును తప్పుపట్టలేము. ఉత్తర్వు ఉద్దేశమే అది. కాని ఒకే కార్యాలయంలో, ఒకే బల్లకు అటొకరు ఇటొకరు కూర్చొని ఒకే పని చేసే ఇద్దరు గుమాస్తాలలో, అక్కడ పుట్టిన పాపానికి ఒకనికి జీతం తక్కువ అయింది. పుట్టిన ఊరు వానికి కష్టమైన చోటు కాదని సర్కారు నిర్ణయించింది. వాని బిడ్డకు జ్వరం వస్తే వచ్చే డాక్టరు వేరు కాడు, వాడు ఎక్కే ఓడ వేరు కాదు. వానలో తడిసి పాడయ్యే బియ్యం బస్తా కూడా ఒకటే.

ఆరవ వేతన సంఘం తరువాత, 2008 ఆగస్టులో వెలువడిన ఉత్తర్వులు ఈశాన్య భత్యం విషయంలో ఈ తేడాను తొలగించాయి. బయటినుంచి వచ్చినా, ఆ ప్రాంతంలోనే ఒక చోటునుంచి ఇంకొక చోటికి మారినా భత్యం ఇవ్వాలన్నాయి. పాతికేళ్లకు వచ్చిన వివేకం. ఏడవ వేతన సంఘం నివేదికపై 2017లో రేట్లు సవరించారు. మూడు అంతస్తుల నిచ్చెన అది. పోర్ట్‌బ్లెయిర్, కవరత్తి, అగత్తి ప్రాంతాలకు 10 శాతం. ఉత్తర, మధ్య అండమాన్, లక్షద్వీప్‌లోని మిగిలిన దీవులకు 16 శాతం. లిటిల్ అండమాన్, నికోబార్ దీవులు, నార్కొండం, మినికాయ్‌లకు 20 శాతం. అంతకు ముందు ఇవే 12.5, 20, 25 శాతాలుగా ఉండేవి. మూలవేతనం పెరిగింది గనుక శాతం తగ్గించామన్నారు.

శాతం అన్న మాటలోనే ఒక మాయ ఉన్నది. 20 శాతం ప్రాంతంలో 56,100 రూపాయల మూలవేతనంతో ఉద్యోగం ఆరంభించే అధికారికి నెలకు 11,220 రూపాయల ద్వీప భత్యం వస్తుంది. 18,000 మూలవేతనంతో చేరిన అటెండరుకు 3,600 వస్తుంది. ఇద్దరూ ఒకే ఓడలో వచ్చినవారు, ఒకే చోట అవే దోమలచేత కుట్టించుకొన్నవారు, కూరగాయలకు అదే ధర పెట్టినవారు. అటెండరు పడే కష్టం విలువ అధికారి పడే కష్టంలో మూడవ వంతని ఏ త్రాసులో తూచారో తెలియదు. ఇక ఆ నిచ్చెన మొదటి మెట్టును కూడా అందుకోలేనివారు వేలమంది ఉన్నారు. వారిని గురించి చెప్పడానికే ఈ వారం ఈ కాలమ్ రాస్తున్నాను.

2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడిన కొన్ని నెలలకు, 2005 వేసవిలో, నేను అండమాన్ వెళ్లాను. కార్ నికోబార్ వైమానిక స్థావరంలోనే సైనికులు, వారి కుటుంబాలవారు వందమందికి పైగా కొట్టుకుపోయిన దుర్ఘటన ఇంకా అందరి నోళ్లలో ఉన్నది. నాడు పోర్ట్‌బ్లెయిర్ అనే పిలిచేవారు. 2024లో ఆ పట్టణానికి శ్రీవిజయపురం అని పేరు మార్చారు. పేరేదైనా, ఓడరేవు దగ్గర దిగిన తెలుగువానికి పరాయి ఊరికి వచ్చినట్లు తోచదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల జనాభా 3,80,581. అందులో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలనుంచి చేపల వేటకు, రేవులో, రహదారి పనులలో కూలికి వలస వెళ్లి స్థిరపడిన కుటుంబాలవారే ఇందులో అధికం. హిందీ, బెంగాలీ, తమిళాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా అక్కడ సర్కారు బడులు నడిచాయి.

ఒక దీవినుంచి మరొక దీవికి పోయే పడవ కోసం వేచి ఉండగా రేవు మీద ఒక మనిషి పరిచయమయ్యాడు. భుజాన మూడేళ్ల ఆడపిల్ల. తండ్రి సోంపేట ప్రాంతంనుంచి వచ్చాడట. తాను దీవిలోనే పుట్టాడు. ఒక సర్కారు విభాగంలో రోజుకూలి మజ్దూరు. ఎన్నాళ్లనుంచి అని అడిగితే, పద్నాలుగేళ్లనుంచి అన్నాడు. పద్నాలుగేళ్లు రోజుకూలి ఏమిటి అన్నాను. పద్నాలుగేళ్లనుంచి ఏ రోజుకారోజే అన్నాడు. అక్కడ పనిచేసిన అధికారుల పేర్లు వరుసగా చెప్పగలడు. ఆరుగురో ఏడుగురో ఇంజనీర్లు వచ్చి వెళ్లారు. ఏ గొట్టం భూమిలో ఎక్కడ ఉన్నదో, ఏ జనరేటరు ఏ తేమకు మొరాయిస్తుందో వచ్చిన ప్రతి ఇంజనీరుకు చెప్పవలసినవాడు ఇతడే. “బాబూ, ఆలు ఓడెక్కి వొత్తారు, ఓడెక్కి ఎల్లిపోతారు. తాడు కట్టీదీ మేమే, ఇప్పీదీ మేమే” అన్నాడు. కోపంగా అనలేదు. వాతావరణ విషయం చెప్పినట్లు అన్నాడు.

ఆ రోజు అతని మాటను నా నోటుపుస్తకంలో రాసుకొని మరచిపోయాను. 2023 ఆగస్టు 3న మళ్లీ గుర్తుకు వచ్చింది. ఆ రోజున కలకత్తా హైకోర్టు పోర్ట్‌బ్లెయిర్ సర్క్యూట్ బెంచి, అండమాన్ రోజుకూలి మజ్దూర్లకు కరవు భత్యంతో కూడిన వేతన ప్రయోజనాలు ఇవ్వాలన్న తన ఆదేశాన్ని అమలుచేయనందుకు కోర్టు ధిక్కారంగా పరిగణించి సాక్షాత్తు ప్రధాన కార్యదర్శిని సస్పెండ్ చేసింది. లెఫ్టినెంట్ గవర్నరు తన సొంత సొమ్ములోనుంచి 5 లక్షల రూపాయలు జమ చేయాలని ఆదేశించింది. రాజధానిలో నార్త్ బ్లాక్ ఉలిక్కిపడింది. మరునాటికే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. రెండు రోజుల పాటు పత్రికలన్నీ ప్రధాన కార్యదర్శిని సస్పెండ్ చేసే అధికారం హైకోర్టుకు ఉన్నదా లేదా అని చర్చించాయి. రాజ్యాంగ కోవిదులు వ్యాసాలు రాశారు. దాదాపు 4,000 మంది మజ్దూర్లు ఏమి అడిగారన్న విషయం మాత్రం ఆ చర్చలో అడుగున పడిపోయింది. నేను కూడా ఆ వారం అధికార పరిధిని గురించే రాశాను. ఒప్పుకోవలసిన విషయం.

బంగాళాఖాతం సంగతి ఇట్లా ఉండగా, అరేబియా సముద్రంలో లక్షద్వీప్ చరిత్ర ఇంకొక పాఠం చెబుతుంది. 1956 నవంబరు 1న కేంద్రపాలిత ప్రాంతం ఏర్పడినప్పుడు దాని పరిపాలనా కేంద్రం ఆ దీవులలో లేదు. కోజికోడ్‌లో ఉండేది. దీవుల పరిపాలకులు దీవులలో కాపురం ఉండకుండా, కేరళ తీరంలో కూర్చొని ఎనిమిదేళ్లు పరిపాలించారు. 1964లో గాని ప్రధాన కార్యస్థానం కవరత్తికి మారలేదు. అప్పుడు కూడా మారడానికి ఇష్టపడని ఉద్యోగులు ఎందరో ఉండి ఉంటారని ఊహించడానికి గొప్ప కల్పనాశక్తి అక్కరలేదు. మే మధ్యలో వర్షాకాలం మొదలైతే సెప్టెంబరు మధ్య దాకా సముద్రం మనిషి మాట వినదు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. అక్కడ ఓడ రాకడను కూడా ఆ జాబితాలో చేర్చాలి. 1988లో అగత్తిలో విమానాశ్రయం వచ్చేదాకా సముద్రమే దారి.

మొత్తం 32 చదరపు కిలోమీటర్ల నేల. పది దీవులలో జనావాసం. 2011లో జనాభా 64,473. అందులో బిత్ర అనే దీవిలో ఉన్నది 271 మందే. ఆ 271 మందికి కూడా బడి కావాలి, మందులు కావాలి, విద్యుత్తు కావాలి. ఉపాధ్యాయుడు ఒకడు సెలవు మీద ఖండభూమికి పోయి, తుపాను వల్ల తిరిగి రాలేకపోతే ఒక తరగతి మొత్తం ఆగిపోతుంది. ఇటువంటి చోట తొలిరోజులలో ఉపాధ్యాయులను, గుమాస్తాలను, కాంపౌండర్లను కేరళనుంచి తెచ్చుకొన్నారు. అయితే అక్కడితో ఆగలేదు. దీవుల పిల్లలను విద్యార్థి వేతనాలిచ్చి ఖండభూమి కళాశాలలకు పంపారు. వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో కేంద్రం కోటానుంచి సీట్లు కేటాయించారు. చదివినవారిలో చాలామంది తిరిగి వచ్చి పాఠశాలల్లో, కార్యాలయాల్లో చేరారు. 2011 నాటికి అక్షరాస్యత 91.85 శాతానికి చేరింది. బయటివారికి భత్యం ఇచ్చి రప్పించడం కంటె, లోపలివారికి చదువు చెప్పి నిలుపుకోవడం మేలన్న సత్యాన్ని మన ప్రభుత్వమే ఒక చోట ఆచరించి చూపింది. ఆ సంగతి దానికే గుర్తున్నట్లు లేదు.

లేదని ఎందుకు అనవలసి వచ్చిందంటే, 2021లో అదే లక్షద్వీప్‌లో పర్యాటక శాఖలో, పాఠశాలల్లో, ఇంకా అనేక చోట్ల పనిచేస్తున్న ఒప్పంద ఉద్యోగులను, తాత్కాలిక సిబ్బందిని పెద్ద సంఖ్యలో తొలగించారు. ఖర్చు తగ్గించాలన్నది ఒక వాదం. ముందున్న సిబ్బంది సంఖ్య అవసరానికి మించినదన్నది ఇంకొక వాదం. ఆ వాదాలలో కొంత నిజం లేకపోలేదు. పరిశ్రమ లేని చోట ప్రతి కుటుంబం సర్కారు కొలువు వైపే చూస్తుంది. ఉన్న పనికంటె మనుషులు ఎక్కువ కావడం, పనికి రాకపోయినా జీతం వస్తుందన్న ధీమా కలగడం దీవులలో నేనూ చూశాను. బంధువును బంధువు తనిఖీ చేయలేడు. కాని అదే ఏడాది అత్యవసర రోగులను హెలికాప్టరులో తరలించాలంటే నలుగురు సభ్యుల సంఘం ఆమోదించాలన్న ఉత్తర్వు వచ్చి పెద్ద వివాదమైంది. స్థానిక ఉద్యోగి అదనపు ఖర్చు, నిపుణుడైన వైద్యుడు లేక రోగిని గాలిలో పంపడం మరింత అదనపు ఖర్చు! అయితే ఆ రెండు ఖర్చుల ఫైళ్లు వేర్వేరు గదులలో ఉంటాయి గనుక వాటిని పక్కపక్కన పెట్టి చూసేవారు లేరు.

వైద్యుల విషయం నిజంగానే కష్టమైనది. ఇక్కడ సులభమైన నీతి చెప్పబోను. పంపు ఆపరేటరును, నర్సును, ప్రాథమికోపాధ్యాయుని దీవిలోనే తయారుచేయవచ్చు. శస్త్రచికిత్స నిపుణుడిని తయారుచేయడానికి పన్నెండేళ్లు పడుతుంది. తయారైనవాడు పదివేలమంది లేని దీవిలో నిలిస్తే చేసిన శస్త్రచికిత్సలు లేక నేర్చిన విద్య మరచిపోతాడు. మత్తు ఇచ్చే వైద్యుడు లేకుండా శస్త్రవైద్యుడు మాత్రమే ఉండి ప్రయోజనం లేదు. ఇద్దరూ ఉంటే రక్తనిధి ఉండదు. ఒక దీవిలో పనిచేసి వచ్చిన యువ వైద్యుడొకరు నాతో, తనను బాధించినది ఒంటరితనం కాదని, తప్పు చేస్తానేమోనన్న భయమని, అడగడానికి పెద్దవాడు పక్కన లేకపోవడమని చెప్పారు. ఆ భయానికి 20 శాతం భత్యం మందు కాదు. పోర్ట్‌బ్లెయిర్‌లో 2015లో వైద్య విజ్ఞాన సంస్థను ప్రారంభించి, ఏటా వంద సీట్లు ఏర్పరచారు. అడుగు సరైన దిశలోనే పడింది. పెద్ద ఆసుపత్రిలో ఉన్న నిపుణులు వంతులవారీగా చిన్న దీవులకు వెళ్లి, మళ్లీ తమ చోటికి వచ్చే పద్ధతి నడిస్తే, ఎవరూ ఎక్కడా రెండేళ్లు బందీగా ఉండనక్కరలేదు. హైకోర్టు న్యాయమూర్తులు కలకత్తానుంచి సర్క్యూట్ బెంచికి వచ్చి వెళ్లడం లేదా? న్యాయానికి పనికివచ్చిన పద్ధతి వైద్యానికి పనికిరాదా?

మన పొరుగున మాల్దీవులను చూడండి. దాదాపు 1,200 దీవులు, అందులో జనం ఉన్నవి రెండు వందలకు లోపు. మినికాయ్ ప్రజలు మాట్లాడే మహల్ భాష అక్కడి దివేహికి సోదరి. ఆ దేశం చాలాకాలం తన ఉన్నత పాఠశాలలకు ఉపాధ్యాయులను, ఆసుపత్రులకు వైద్యులను, నర్సులను భారతదేశంనుంచే తెచ్చుకొన్నది. మాలెలోని ఇందిరాగాంధీ స్మారక ఆసుపత్రిని మనమే కట్టించి ఇచ్చాము. 1995లో అది ప్రారంభమైంది. మన మలయాళీ, తమిళ ఉపాధ్యాయులు మాల్దీవుల మారుమూల దీవులకు సంతోషంగా వెళ్లారు. కవరత్తికి వెళ్లమంటే వెనుకాడేవారు మాల్దీవులకు ఎందుకు వెళ్లారని అడగవచ్చు. జీతం ఒక కారణం. ఒప్పంద కాలం ముందే తెలియడం ఇంకొకటి. మూడవది, నా దృష్టిలో ముఖ్యమైనది, అక్కడికి వెళ్లడం శిక్ష అని ఎవరూ వారికి చెప్పలేదు.

శిక్షగా భావించనివారు మనలో కూడా లేకపోలేదు. లిటిల్ అండమాన్‌లోని డుగాంగ్ క్రీక్‌లో వందమంది మాత్రమే మిగిలిన ఓంగీ తెగవారి మధ్య నర్సుగా పనిచేసిన శాంతి తెరెసా లక్రా పేరు పాఠకులలో కొందరైనా విని ఉంటారు. 2010లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారం, 2011లో పద్మశ్రీ ఆమెకు వచ్చాయి. సునామీ నాడు ఆమె అక్కడే ఉన్నారు. ఓంగీలతో పాటు మిట్టకెక్కి, తరువాత వారితోనే అడవిలో గుడారాలలో గడిపి వైద్యం చేశారు. ఆమె ఢిల్లీనుంచి రెండేళ్ల కాలపరిమితితో వచ్చిన వ్యక్తి కారు. అండమాన్‌లోనే పుట్టి, అక్కడే చదివిన మనిషి. పూర్వులు ఛోటానాగపూర్ ప్రాంతంనుంచి కూలికి వచ్చినవారు. రాష్ట్రపతి భవన్‌లో ఆ పతకం అందజేసేటప్పుడు చప్పట్లు కొట్టిన అధికారులలో ఎవరైనా, ఇటువంటి మనుషులు ఎక్కడినుంచి వస్తారో గమనించారా అన్నది నా సందేహం.

ఇప్పుడు గ్రేట్ నికోబార్ మీద అందరి దృష్టి పడింది. ఆ దీవిలో 1969 మొదలు 1980 వరకు సుమారు 330 మాజీ సైనికుల కుటుంబాలకు భూములిచ్చి స్థిరనివాసం కల్పించారు. 2011లో దీవి జనాభా ఎనిమిది వేల పైచిలుకు. 2022లో పర్యావరణ అనుమతి పొందిన బృహత్ పథకం ప్రకారం అక్కడ ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, పట్టణం రావాలి. జనాభా మూడున్నర లక్షలకు చేరుతుందని అంచనా వేశారు. అడవికి, షాంపెన్ తెగకు, తాబేళ్లకు కలిగే హానిని గురించి ఎందరో రాశారు, వారి ఆందోళన సకారణమైనదే. నాకు తోచేది అంతకంటె మామూలు సందేహం. ఎనిమిది వేలమందికి చాలినంతమంది వైద్యులను, ఉపాధ్యాయులను ఆ దీవిలో నిలపడానికే ఇన్ని దశాబ్దాలుగా తంటాలు పడుతున్నాము. మూడున్నర లక్షలమందికి సేవచేసేవారిని ఎక్కడినుంచి తెస్తారు? వచ్చినవారు ఎన్నాళ్లుంటారు? ఖాళీలను గురించి పార్లమెంటులో ప్రశ్న వేస్తే మంత్రులు చదివే జవాబు నాకు కంఠస్థం: ఉద్యోగాల భర్తీ నిరంతర ప్రక్రియ. నిజమే, నిరంతరమే. వచ్చినవారు వచ్చినట్లే వెళ్లిపోతుంటే ఆ ప్రక్రియకు అంతం ఎక్కడ?

2025 నవంబరులో ఎనిమిదవ వేతన సంఘం ఏర్పడింది. నివేదికకు 18 నెలల గడువు ఇచ్చారు. ద్వీప భత్యాన్ని మళ్లీ ఎంత శాతం చేయాలన్న వాదన దాని ముందుకు తప్పక వస్తుంది. ఉద్యోగ సంఘాలు పాత 25 శాతం కోరవచ్చు, ఆర్థిక శాఖ కాదనవచ్చు. రోజుకూలి మజ్దూరుకు, ఏడాది ఒప్పందం మీద పనిచేసే నర్సుకు ఆ సంఘం ముందు నిలబడే అర్హతే లేదు. వారు వేతన సంఘం లెక్కలోకి వచ్చే ఉద్యోగులు కారు గదా.

గత నెలలో నా టెలిఫోను మోగింది. ఇరవై ఏళ్ల కిందట రేవు మీద పరిచయమైన సోంపేట మనిషి. నా నంబరు ఎట్లా సంపాదించాడో అడగలేదు. అప్పుడు అతని భుజం మీద ఉన్న పిల్ల పెద్దదై నర్సు శిక్షణ పూర్తిచేసింది. ఒక చిన్న దీవిలో ఉపకేంద్రంలో ఒప్పందం మీద పనిచేస్తున్నది. బయటినుంచి వచ్చినవారు ఎవరూ అక్కడ ఒక వర్షాకాలం మించి ఉండలేదట. ఈ అమ్మాయి రెండు వర్షాకాలాలు ఉన్నది. ఒప్పందం మార్చి 31తో ముగుస్తుంది. పొడిగింపు కాగితాలు ఢిల్లీకి వెళ్లాయని అక్కడి కార్యాలయంలో చెప్పారట. “ఏ గదిలో ఉన్నాయో ఒక్కపాలి సూసి సెప్పండి బాబూ” అన్నాడు.

మూడు కార్యాలయాలు తిరిగాను. రెండు చోట్ల తమ దగ్గరకు రాలేదన్నారు. మూడవ చోట సంబంధిత అధికారి సెలవుపై అండమాన్ విహారానికి వెళ్లారని, సోమవారం వస్తారని చెప్పారు. సోమవారం మళ్లీ వెళ్లాలి.